ఆ స్పూన్ కరిగించే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి | పాత స్టెర్లింగ్ వెండి ముద్రలు చదవడం ఎలా?

ఈ ఎపిసోడ్ వెండి గురించి. రేటు ఎంత, ఇప్పుడు కొనాలా ఆగాలా, బిస్కెట్ మంచిదా ఈటీఎఫ్ మంచిదా, ఇలాంటివి కాదు. వాటికి బోలెడు చానళ్లున్నాయి. నేను చెప్పబోయేది పాత ఇంగ్లిష్ వెండి సామాను గురించి. డైనింగ్ టేబుల్ మీద వాడే స్పూన్లు, ఫోర్కులు, టీపాట్లు, ఉప్పు గిన్నెలు, క్యాండిల్ స్టాండ్లు. వందేళ్లవి, రెండొందల ఏళ్లవి.

ఇప్పుడెందుకు అంటారా? రేటు పెరిగిందంటే పాత వెండికి గండం వచ్చినట్టే. ఇది ఊరికే అనడం లేదు. 1980 జనవరిలో ఔన్సు వెండి దాదాపు 50 డాలర్లకి వెళ్లింది. అమెరికాలో హంట్ సోదరులని ఇద్దరు కోటీశ్వరులు, మార్కెట్లో ఉన్న వెండినంతా పోగేయాలని చూశారు, అందుకని రేటు అలా పోయింది. అప్పుడు అమెరికాలో, ఇంగ్లండ్‌లో జనం అమ్మమ్మల నాటి టీపాట్లు, స్పూన్ల సెట్లు సంచుల్లో వేసుకుని కరిగించే వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లారు. మార్చి 27న రేటు కుప్పకూలింది, ఆ రోజుని సిల్వర్ థర్స్‌డే అంటారు. రేటు దిగింది కానీ మూసలోకి పోయిన టీపాట్ తిరిగి రాదు కదా. 2025లో వెండి మళ్లీ ఆ 50 డాలర్ల గీత దాటింది.

మన దగ్గర కూడా అంతే. పాత వెండి ఎక్స్ఛేంజ్ అని షాపుకి వెళ్తే ఏం చేస్తారు? కాటా మీద పెడతారు, తరుగు తీసేస్తారు, మిగతాదానికి లెక్క కడతారు. వస్తువుని వెనక్కి తిప్పి దాని మీద ఏ ముద్రలున్నాయో చూడటం వాళ్ల పని కాదు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు, వాళ్లు కొనేది లోహాన్ని. చూసుకోవాల్సింది మనం. దానికి భూతద్దం కూడా అక్కర్లేదు, మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. కెమెరాలో మ్యాక్రో మోడ్ పెట్టండి. ఫ్లాష్ మాత్రం నేరుగా కొట్టకండి, వెండి అద్దంలా మెరిసి ఏమీ కనపడదు. ఇంకో ఫోన్‌తో పక్కనుంచి, ఏటవాలుగా టార్చ్ వేయండి. గుంటల్లో నీడ పడి ముద్రలు లేచి కనిపిస్తాయి.

సరే, ముందు స్టెర్లింగ్ అంటే ఏంటి? వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతా 75 పాళ్లు వేరే లోహం, మామూలుగా రాగి. ఈ 925 అనే నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? పాత ఇంగ్లిష్ తూకంలో ఒక ట్రాయ్ పౌండుకి 12 ఔన్సులు, ఒక్కో ఔన్సుకి 20 పెన్నీవెయిట్లు. మొత్తం 240. ఆ 240లో 222 పాళ్లు వెండి ఉండాలని రూలు. 222ని 240తో భాగించండి, 0.925 వస్తుంది. అంతే. 

రాగి ఎందుకు కలపాలి, మోసం కాదా అని అడుగుతారు కొందరు. అసలు వెండి మెత్తన. స్వచ్ఛమైన వెండితో ఫోర్కు చేస్తే రెండు పూటలకి పళ్లు వంగిపోతాయి. రాగి దాన్ని గట్టిపరుస్తుంది. మన దగ్గర చెలామణి అయిన వెండి రూపాయిలు కూడా శుద్ధమైన వెండి కాదు. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయిలో పన్నెండు పాళ్లకి పదకొండు పాళ్లు వెండి, అంటే దాదాపు 917. బరువు ఒక తులం, 11.66 గ్రాములు. స్టెర్లింగ్ కంటే ఒక పిసరు తక్కువ, అంతే తేడా.

ఇప్పుడు అసలు విషయం, ముద్రలు. ఇంగ్లండ్‌లో 1300వ సంవత్సరంలోనే, ఒకటో ఎడ్వర్డ్ రాజు కాలంలో, వెండి వస్తువు మీద చిరుతపులి తల ముద్ర పడాలని చట్టం చేశారు. 1363 నుంచి చేసినవాడి ముద్ర కూడా ఉండాలన్నారు. 1478లో లండన్ స్వర్ణకారుల సంఘం భవనానికే తెచ్చి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలన్న పద్ధతి వచ్చింది. ఆ హాల్లో వేసే మార్కు కాబట్టి హాల్‌మార్క్. మన నగల షాపుల్లో రోజూ వినే మాట పుట్టింది అక్కడే. అప్పుడే ఏడాదికో అక్షరం వేయడం కూడా మొదలైంది. నడిచే సింహం ముద్ర 1544లో వచ్చింది. సింహం ఉందంటే స్టెర్లింగ్ అని అర్థం.

చరిత్ర పాఠం ఇక చాలు. ఒక స్పూన్ తీసుకుని చదువుదాం.

[టేబుల్ స్పూన్ వెనక భాగం, కాడ చివర క్లోజప్]

ఇది నేను ముద్రలు చూపించడానికి వాడే స్పూన్. పెద్ద టేబుల్ స్పూన్. మన అన్నం వడ్డించే గరిటె కంటే కొంచెం చిన్నది. కాడ వెనక ఐదు ముద్రలున్నాయి. ఒకటి, నడిచే సింహం. స్టెర్లింగ్. రెండు, కిరీటం పెట్టుకున్న చిరుత తల. లండన్. మూడు, పెద్ద బడి అక్షరంలో ఎన్. నాలుగు, కుడివైపు చూస్తున్న ఒక మగ మనిషి తల, రాజు మూడో జార్జ్. ఐదు, చేసినవాడి పేరు పొడి అక్షరాలు. 

లండన్‌లో అక్షరాల చక్రం ఇరవై ఏళ్లు తిరుగుతుంది. ఏ నుంచి యూ దాకా, మధ్యలో జే ఉండదు. 1796లో పెద్ద ఏతో ఒక చక్రం మొదలైంది. లెక్కపెట్టుకుంటూ రండి, ఎన్ దగ్గరికి వచ్చేసరికి 1808. అంటే ఈ స్పూన్‌తో ఎవరో సూప్ తాగుతున్నప్పుడు నెపోలియన్ ఇంకా యూరప్‌ని గడగడలాడిస్తున్నాడు. 

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 1876లో మళ్లీ పెద్ద ఏతో ఇంకో చక్రం మొదలైంది. అందులో ఎన్ అంటే 1888. అక్షరం అదే, తేడా ఎనభై ఏళ్లు! ఎలా పట్టుకోవాలి? పక్క ముద్రలు చూడాలి. 1821 తర్వాత లండన్ చిరుతకి కిరీటం తీసేశారు. రాజు తల కూడా మారిపోయింది. 1888 నాటిదైతే విక్టోరియా రాణి తల, ఎడమవైపు చూస్తూ ఉంటుంది. అక్షరం చుట్టూ ఉన్న చట్రం ఆకారం కూడా వేరు. అందుకే ఒక్క అక్షరం ఫొటో పెట్టి ఏ సంవత్సరం బ్రో అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మొత్తం వరస కావాలి.

రాజు తల ఎందుకు వేశారంటే, పన్ను కట్టాం అని రసీదు అది. 1784 నుంచి 1890 దాకా వెండి సామాను మీద పన్ను ఉండేది. కాబట్టి తల ముద్ర ఉంటే ఆ వస్తువు ఆ నూటారు ఏళ్లలోనిదే. ముద్రల పుస్తకం తెరవక్కర్లేకుండానే సగం లెక్క తేలిపోతుంది.

లండన్ ఒక్కటే కాదు. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. కిరీటం ఒక్కటే విడిగా ఉంటే షెఫీల్డ్, 1974 దాకా, తర్వాత వాళ్లు గులాబీకి మారారు. కోట ఉంటే ఎడిన్‌బరా. కిరీటంతో వీణలాంటి హార్ప్ ఉంటే డబ్లిన్. మూడు గోధుమ పనలు, మధ్యలో కత్తి ఉంటే చెస్టర్, ఆ ఆఫీసు 1962లో మూతపడింది. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ రెండూ 1773లో ఒకే చట్టంతో వచ్చాయి. సముద్రం దరిదాపుల్లో లేని బర్మింగ్‌హామ్‌కి లంగరెందుకంటే, ఆ రెండు ఊళ్ల వాళ్లు లండన్‌లో 'క్రౌన్ అండ్ యాంకర్' అనే సత్రంలో కూర్చుని మంతనాలు జరిపారని, అక్కడే కిరీటం ఒకరు, లంగరు ఒకరు పంచుకున్నారని ఒక కథ. కథే అనుకోండి, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం భలే పనికొస్తుంది. ఒక్కో ఊరికి అక్షరాల చక్రం వేరు అన్నది మర్చిపోకండి. లండన్ చార్టు పెట్టి బర్మింగ్‌హామ్ స్పూన్ చదివితే తేదీ తప్పిపోతుంది.

కొన్ని పాత వస్తువుల మీద సింహం బదులు కూర్చున్న స్త్రీమూర్తి, తెగిన సింహం తల కనిపిస్తాయి. అది బ్రిటానియా వెండి, 958 పైచిలుకు. 1697 నుంచి 1720 దాకా అదే తప్పనిసరి చేశారు. కారణం వింటే నవ్వొస్తుంది. నాణేలు, సామాను రెండూ ఒకే స్టెర్లింగ్ వెండి. జనం నాణేల అంచులు కత్తిరించి, కరిగించి గిన్నెలు చేయించుకుంటున్నారు. సరే, గిన్నెల వెండి నాణెం కంటే స్వచ్ఛంగా ఉండాలంటే నాణేలు కరిగించడం కిట్టుబాటు కాదు కదా అని ప్రభుత్వం ఎత్తు వేసింది.

ఇప్పుడు మోసాల దగ్గరికి వద్దాం. నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1720లో స్టెర్లింగ్ తిరిగొచ్చింది, దాంతో పాటు ఔన్సుకి ఆరు పెన్నీల పన్నూ వచ్చింది. పెద్ద కాఫీపాట్ చేస్తే పన్ను మోపెడు. కొందరు పనివాళ్లు ఏం చేశారంటే, ఒక చిన్న వస్తువు పరీక్షకి పంపి, తక్కువ పన్ను కట్టి ముద్ర వేయించుకునేవాళ్లు. ఆ ముద్ర ఉన్న ముక్కని కోసి, పెద్ద పాట్ అడుగున టంకం పెట్టి అతికించేవాళ్లు. వీళ్లకి డ్యూటీ డాడ్జర్లు అని పేరు. చిల్లర మల్లర వాళ్లే కాదు, ఆ కాలంలో ఇంగ్లండ్‌లోనే గొప్ప పనివాడిగా పేరున్న పాల్ డి లామెరీ చేతి వస్తువుల్లో కూడా ఇలాంటివి దొరికాయి! 1758లో ఆ పన్ను తీసేశారు.

ఇదే ట్రిక్కుని తర్వాతి కాలంలో అచ్చమైన దొంగలు వాడారు. పాడైపోయిన పాత స్పూన్ నుంచి ముద్రలు కోసి, కొత్తగా చేసిన పాత్రకి అతికించి, రెండొందల యాభై ఏళ్ల నాటిదని అమ్మడం. దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చులేని పద్ధతి చెప్తాను. ముద్రల మీద నోరు తెరిచి హా... అని ఊపిరి వదలండి, కళ్లద్దాలు తుడుచుకునేటప్పుడు చేస్తాం చూడండి, అలా. ఆవిరి పట్టి, ఆరిపోతున్న ఆ రెండు సెకన్లలో టంకం గీత ఉంటే రంగు తేడాగా తెలుస్తుంది. ముద్రల చుట్టూ గుండ్రంగానో, దీర్ఘచతురస్రంగానో గీత కనిపించిందా, వస్తువు కింద పెట్టి నమస్కారం పెట్టి వచ్చేయండి. స్లో మోషన్‌లో వీడియో తీస్తే ఇంకా బాగా దొరుకుతుంది.

రెండో పద్ధతి తూకం. పాత టీపాట్లు, పళ్లేల అడుగున సూదితో గీసినట్టు అంకెలుంటాయి. 22, పక్కన 10 అని ఉందనుకోండి. పిల్లలెవరో గీకారని వదిలేస్తారు చాలామంది. అది అప్పటి తూకం. 22 ఔన్సుల 10 పెన్నీవెయిట్లు, అంటే ఇరవై రెండున్నర ట్రాయ్ ఔన్సులు. ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు. గుణిస్తే సుమారు 700 గ్రాములు. ఇప్పుడు కాటా మీద పెట్టండి. 690 వస్తే హాయి, రెండొందల ఏళ్ల తోముడుకి ఆ మాత్రం అరుగుతుంది. 640 వస్తే ఏదో పోయింది. 760 వస్తే మటుకు గట్టిగా అనుమానించాలి, తర్వాత ఎవరో ఏదో అతికించారు. వెండి తనంతట తాను పెరగదు కదండీ.

అతికించడం అంటే ఏంటంటే, విక్టోరియా కాలంలో పాత బీరు మగ్గులకి కొమ్ము పెట్టి జగ్గులుగా మార్చేవారు. నున్నగా ఉన్న పాత్ర మీద పూలూ లతలూ నగిషీ చెక్కించేవారు. అప్పటి ఫ్యాషన్ అది. కానీ కలెక్టర్ దృష్టిలో వస్తువు విలువ పడిపోతుంది. బ్రిటన్‌లో అయితే ముద్ర పడ్డాక రూపం మార్చిన వస్తువుని మళ్లీ పరీక్షకి పెట్టకుండా అమ్మడం చట్టవిరుద్ధం కూడా. ఇలాంటివి తేల్చడానికి లండన్ స్వర్ణకారుల హాల్లో పాత వెండి కోసమే ఒక కమిటీ ఉంది.

ఫోర్కుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలోని మూడు పళ్ల ఫోర్కులు అరుదు. స్పూన్లు బోలెడు. ఇంకేం, స్పూన్ గిన్నె భాగాన్ని సాగగొట్టి, కోసి, ఫోర్కు చేసేవాళ్లు తయారయ్యారు. ముద్రలు నిజమైనవే, వస్తువు మాత్రం మారిపోయింది. పళ్లు మరీ పల్చగా, కాడ కలిసే చోట కండ లేకుండా ఉంటే తొందరపడకండి.

స్పూన్ల దగ్గర కాలం చెప్పే గుర్తులు ముద్రలే కానక్కర్లేదు. కాడ చివర పైకి వంగి ఉంటే హానోవేరియన్ అనే పాత మోస్తరు. అప్పట్లో స్పూన్‌ని టేబుల్ మీద బోర్లా పెట్టేవారు, కాబట్టి వంశచిహ్నం వెనకవైపు చెక్కేవారు. 1760 ప్రాంతం నుంచి కాడ చివర కిందికి వంగింది, దాన్ని ఓల్డ్ ఇంగ్లిష్ అంటారు. స్పూన్ వెల్లకిలా పెట్టడం మొదలైంది, చిహ్నం ముందువైపుకి వచ్చింది. ముద్రలు కూడా అంతే. సుమారు 1780 దాకా గిన్నెకి దగ్గరగా, కాడ సన్నగా ఉన్నచోట వేసేవారు. అక్కడ సుత్తి దెబ్బకి ముద్రలు నలిగి, సాగి ఉంటాయి. తర్వాత కాడ వెడల్పు ఉన్న పై చివరకి మార్చారు. హానోవేరియన్ స్పూన్ అంటున్నారు, ముద్రలు పై చివర చక్కగా వరసగా ఉన్నాయంటే, ఎక్కడో లెక్క తేడా కొడుతోంది.

ఇక పూత సామాను. మోసపోయేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. వెనక ఈపీఎన్ఎస్ అని ఉంటే నికెల్ సిల్వర్ మీద కరెంటుతో వేసిన వెండి పూత. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఈ నికెల్ సిల్వర్ మనకి బాగా తెలిసిందే, పూజ సామాను షాపుల్లో జర్మన్ సిల్వర్ అంటాం చూడండి, అది. రాగి, నికెల్, జింకు. పేరులో తప్ప అందులో వెండి లేదు. తమాషా ఏంటంటే, ఆ నాలుగు అక్షరాల్ని విడివిడి చిన్న చట్రాల్లో వేసి, దూరం నుంచి అచ్చం హాల్‌మార్క్‌లా కనపడేట్టు చేసేవారు. ఆన్‌లైన్‌లో 'యాంటిక్ ఇంగ్లిష్ సిల్వర్' అని పెట్టి, ముద్రల ఫొటో ఒక్కటీ పెట్టకపోతే, చాలాసార్లు ఇదే కథ. ముద్రల క్లోజప్ అడగండి. పంపకపోతే అదే జవాబు.

అయస్కాంతం పరీక్షని నమ్ముకోకండి. వెండి అయస్కాంతానికి అతుక్కోదు, నిజమే. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు మరి! యాసిడ్ చుక్క పరీక్ష పాత వస్తువు మీద అస్సలు చేయనివ్వకండి, మచ్చ మిగిలిపోతుంది.

పూతలన్నీ చెత్త అని నేననను. 1740ల్లో షెఫీల్డ్‌లో థామస్ బౌల్సోవర్ అనే ఆయన రాగి దిమ్మ, వెండి రేకు కలిపి కాల్చి, రెండూ ఒకటిగా అతుక్కునేట్టు చేయవచ్చని కనిపెట్టాడు. ఓల్డ్ షెఫీల్డ్ ప్లేట్ అంటారు. అంచుల్లో వెండి అరిగి లోపలి రాగి గులాబీ రంగులో తొంగి చూస్తుంది. దాని కోసమే వెతికే కలెక్టర్లున్నారు. దానికి కొత్తగా పూత వేయిస్తే ఆ అందం పోతుంది.

క్యాండిల్ స్టాండ్లు, కత్తుల పిడులు కొనేటప్పుడు ఒక సామెత గుర్తుపెట్టుకోండి, పైన పటారం లోన లొటారం. బయట స్టెర్లింగే, ముద్రలు అసలువే, కానీ రేకు పల్చన. బరువు కోసం లోపల జిగురులాంటి కీలు నింపుతారు. అమెరికన్ వస్తువుల మీద 'వెయిటెడ్' అని రాసి ఉంటుంది కూడా. కాటా మీద కిలో తూగిందని కిలో వెండి రేటు ఇచ్చారంటే అయిపోయినట్టే.

అమెరికన్ అన్నాను కాబట్టి, అక్కడ ఇంగ్లండ్‌లాంటి ప్రభుత్వ పరీక్షా కేంద్రాలు లేవు. పాతవి ఎక్కువగా 900 కాయిన్ సిల్వర్. టిఫనీ 1851లో, గోరమ్ 1868లో స్టెర్లింగ్‌కి మారాయి. స్టెర్లింగ్ అనే మాటే ముద్రగా ఉంటుంది. అక్కడి చుట్టాలు ఎస్టేట్ సేల్స్‌లో కొని పంపే స్పూన్లు సాధారణంగా ఇవే. సింహం లేదని కంగారు పడక్కర్లేదు. గోరమ్ వాళ్లు సింహం, లంగరు, జీ అక్షరం వేసుకునేవారు, అది చూసి బర్మింగ్‌హామ్ అనుకునేవాళ్లూ ఉన్నారు!

మరి మన దగ్గర? మనకి అప్పట్లో పరీక్షా కేంద్రాల్లేవు. కలకత్తాలో హామిల్టన్, మద్రాసు మౌంట్ రోడ్డులో పీ. ఆర్ అండ్ సన్స్ లాంటి కంపెనీలు తమ పేరే ముద్రగా వేసేవి. మద్రాసు నుంచి వచ్చిన 'స్వామి వెండి' అని ఒకటుంది. దేవతామూర్తులు గూళ్లలో నిలబడినట్టు టీపాట్ చుట్టూ చెక్కి ఉంటారు. ఇంగ్లిష్ దొరలు టీ తాగడానికి మన గుడి గోపురం పని! 1875-76లో వేల్స్ యువరాజు ఇండియా వచ్చినప్పుడు ఆయనకి అందిన కానుకల్లో ఇదీ ఉంది. భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ పనితనం ఇంకో మెట్టు పైన, ఓఎం భుజ్ అని ముద్ర ఉంటుంది. ఇవాళ అంతర్జాతీయ వేలాల్లో ఇలాంటివి తూకం లెక్కన అమ్ముడవ్వవు. మన జిల్లాలన్నీ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనో నిజాం రాజ్యంలోనో ఉన్నవే కాబట్టి, తాతగారో ముత్తాతగారో మద్రాసులో ఉద్యోగమో వకీలు పనో చేసిన ఇళ్లలో ఇలాంటిది ఒకటి బీరువా అడుగున ఉండే అవకాశం లేకపోలేదు. ఉగ్గుగిన్నె, పన్నీరు బుడ్డి, కుంకుమ భరిణెల మధ్యలో ఒక విచిత్రమైన పాల జగ్గు కనిపిస్తే, కాటాకి వెళ్లే ముందు అడుగు ఫొటో తీయండి. ముద్ర లేకపోయినా తీయండి. వస్తువు చరిత్ర అమ్మమ్మకి తెలిసి ఉంటే ఆవిడ మాటల్లోనే రికార్డ్ చేసి పెట్టుకోండి. అది పుస్తకాల్లో దొరకదు.

అయితే ఆశలు మరీ పెంచుకోవద్దు. పాతదనగానే కోట్లు రావు. వంద, నూట ఇరవై ఏళ్ల నాటి మామూలు స్టెర్లింగ్ టీస్పూన్లు లక్షల్లో ఉన్నాయి, వాటి ధర వెండి రేటు మీద కొద్దిగా ఎక్కువ ఉంటుందంతే. ధర పెంచేవి వేరే. చేసినవాడి పేరు, కాలం, ముద్రల స్పష్టత, ఎవరి ఇంటిది, చెక్కుచెదరకుండా ఉందా లేదా. పటియాలా మహారాజా 1922లో వేల్స్ యువరాజు విందు కోసం చేయించిన సెట్టు దాదాపు 1,400 వస్తువులది, 2013లో లండన్ వేలంలో 19 లక్షల పౌండ్లు దాటి పోయింది. అది వెండికి పెట్టిన డబ్బా చెప్పండి?

ఆరంభంలో మీరు అంత పెద్దవాటి జోలికి వెళ్లక్కర్లేదు. నాకు చిన్న వస్తువులంటేనే ముచ్చట. టీపొడి ఖరీదైన రోజుల్లో దాన్ని డబ్బాలో పెట్టి తాళం వేసేవారు, ఆ పొడి తీసే కేడీ స్పూన్ గవ్వ ఆకారంలో, ఆకు ఆకారంలో, బొటనవేలంత ఉంటుంది. మూలుగ బొక్కలోంచి మూలుగ లాగడానికి ప్రత్యేకంగా సన్నటి స్కూప్ ఉంది. మనం నోటితో జుర్రేసే పనికి వాళ్లు వెండి పనిముట్టు చేయించుకున్నారు! చక్కెర పటకార్లు, సీసా మెడలో వేలాడే వైన్ లేబుళ్లు, ఇవి తక్కువ ఖర్చులో మొదలెట్టొచ్చు. హెస్టర్ బేట్‌మన్ ముద్ర ఎక్కడైనా తగిలితే ఆగండి. 1760లో భర్త పోయాక, 1761లో తన పేరు మీద ముద్ర నమోదు చేయించుకుని వర్క్‌షాప్ నడిపించిందావిడ. సంతకం పెట్టడం కూడా రాదు. ఆవిడ హెచ్‌బీ ముద్ర కోసం ఇవాళ్టికీ జనం పోటీ పడతారు. అంత డిమాండ్ ఉంది కాబట్టి దొంగ ముద్రలూ ఉన్నాయి, ఊపిరి టెస్టు మర్చిపోవద్దు.

కొన్నాక ఏం చేయాలి? వాడండి. రోజూ వాడి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో వెంటనే తుడిచే వెండి అంతగా నల్లబడదు. నలుపు అంటే గాల్లో, తిండిలో ఉండే గంధకంతో వెండి కలిసి ఏర్పడే పొర. గుడ్డు, ఉల్లిపాయ, రబ్బరు బ్యాండు, మూడూ శత్రువులే. స్పూన్లన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెడితే, తీసేసరికి సరిగ్గా ఆ గీత మేర నల్లటి చార ఉంటుంది. ఉప్పు ఇంకా ప్రమాదం, వెండిని తినేస్తుంది. అందుకే పాత ఉప్పు గిన్నెల లోపల బంగారు పూత ఉంటుంది, సోకు కోసం కాదు.

టూత్‌పేస్టుతో తోమే రీల్స్ చూస్తుంటారుగా? దయచేసి వద్దు. అందులో గీకే పొడి ఉంటుంది. మన ఇళ్లలో విభూతితో మెల్లగా రుద్దడం దానికంటే నయం, అయినా పాత ముద్రల మీద మాత్రం అదీ వద్దు. ప్రతి తోముడూ కాస్త వెండిని తీసుకుపోతుంది, మొదట అరిగేది ముద్రలే. అల్యూమినియం ఫాయిల్, వంట సోడా, వేడినీళ్ల చిట్కా పని చేస్తుంది, కానీ నగిషీ సందుల్లో కావాలని ఉంచే నలుపుని కూడా ఊడ్చేస్తుంది, చెక్కుడు చప్పగా తయారవుతుంది. లోపల కీలు నింపిన పిడుల్ని వేడినీళ్లలో ముంచితే అతుకు ఊడొస్తుంది. డిష్‌వాషర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆఖరుగా ఒక చట్టం మాట, ముఖ్యంగా విదేశాల్లో అన్నయ్యలు, అక్కయ్యలు ఉన్నవాళ్లకి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. నాయనమ్మ గుర్తుగా ఆ మద్రాసు జగ్గు డల్లాస్ తీసుకెళ్తానని సూట్‌కేసులో పెడితే ఎయిర్‌పోర్టులో చిక్కు. వయసు మీద అనుమానం ఉంటే ముందే పురావస్తు శాఖ వాళ్లకి చూపించి, పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోవాలి. వందేళ్లు దాటిందని తేలితే ఇక్కడే ఎవరో ఒకరి దగ్గర ఉంచేయడమే.

వచ్చే ఎపిసోడ్‌లో స్వామి వెండి మీదే పూర్తిగా మాట్లాడుకుందాం, ఏ దేవుణ్ణి ఏ వరసలో చెక్కేవారు, నకిలీలు ఎలా ఉంటాయి, అన్నీ. ఈలోగా బీరువా తెరిచి అడుగులు ఫొటోలు తీసి పెట్టుకోండి. పక్కనుంచి టార్చ్, గుర్తుంది కదా. ఉంటానండీ.